దొరసాని రికార్డులకు అమ్మ కట్టిన మాటలు

పియానో కొత్తగా వినాలనుకుంటున్నాం, ఏ రికార్డుతో మొదలుపెట్టమంటారు అని అడిగేవాళ్లు నాకు ఇప్పటికీ ఏడాదికి ఒకరిద్దరు తగులుతూనే ఉంటారు. కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి ఇలాంటివన్నీ నాకు తెలుసని వాళ్ల నమ్మకం. ఒకప్పుడు అడగడమే ఆలస్యం, రెండు పేజీల జాబితా రాసి చేతిలో పెట్టేదాన్ని. ఫలానా ఆయన వాయించినదే వినండి, ఇంకొకాయనది వింటే చెవులు పాడవుతాయి అని కింద హెచ్చరిక కూడా రాసేదాన్ని. ఆ కాగితాలు సగం మంది పోపుల డబ్బా కింద పరిచి ఉంటారు. మంచి పని చేశారు. ఇప్పుడు జాబితా ఇవ్వడం మానేశాను. ఎందుకు మానేశానో చెప్తే పోయేది నా పరువే, అయినా చెప్తాను.

రాజోలు దగ్గర మా పేటలో, మా ఇంట్లో ఏడు రికార్డులుండేవి. ఏడూ పియానోవే. అమ్మ మిషన్ ఆసుపత్రి నర్సు దొరసానిగారి బంగళాలో పదకొండేళ్లు వంట చేసింది. డెబ్బైల మొదట్లో దొరసానిగారు వాళ్ల దేశం వెళ్లిపోతూ పనివాళ్లందరికీ తలో వస్తువూ ఇచ్చారు. తోటమాలికి బీరువా, కాపలా ఆయనకు మడత మంచం వచ్చాయి. అమ్మకు రికార్డు ప్లేయరూ, ఏడు రికార్డులూ వచ్చాయి. "బీరువా అడగాల్సింది కదండీ, బట్టలైనా పెట్టుకునేవోరు" అని పేటంతా జాలిపడింది. నిజానికి అమ్మే కోరి అడిగిందట ఆ పెట్టెని. బడిపంతులైన నాన్న మర్నాడే దానికోసం గోడకు ఒక చెక్క కొట్టారు.

ఆ రికార్డుల అసలు పేర్లు చెప్పను, మా ఇంట్లో వాటికి ఆ పేర్లు లేవు. అమ్మ తెలుగు బైబిలు గడగడా చదివేది గానీ ఇంగ్లీషు అక్షరం రాదు. ఆమె పేర్లు ఆమెవి. శనివారం దొరసానిగారు పెట్టుకునేది రొట్టెల రికార్డు. ఒక పక్క అయిపోయేసరికి పొయ్యిలో రొట్టె సరిగ్గా కాలి ఉండేదట. దొరసానిగారి తెల్ల గౌన్లు మడతపెట్టేటప్పుడు మోగేది ఇస్త్రీ రికార్డు. అట్టకు చెదపట్టి సగం రాలిపోయినది చెదల రికార్డు. దానికి నాన్న బ్రౌను కాగితంతో కొత్త అట్ట వేశారు. వాళ్ల అమ్మ పోయినట్టు ఉత్తరం వచ్చిన రోజు దొరసానిగారు అదే పనిగా పెట్టుకుని ఏడ్చినది ఏడుపు రికార్డు.

ఇంకొకటి మాటలు మర్చిపోయినాయన రికార్డు. "విను, వాయిస్తా వాయిస్తా ఆయన లోపల పాడుతున్నాడు. మాటలు గుర్తు రావట్లేదు పాపం, ఊఁ ఊఁ అంటన్నాడు" అనేది అమ్మ. అది అరిగిపోయిన రికార్డు గొణుగుడమ్మా అని నేను నవ్వేదాన్ని. పాతికేళ్ల తర్వాత చెవులకు మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని అదే రికార్డు విన్నాను. వాయించే ఆయన నిజంగానే గొంతులో పాడుకుంటున్నాడు. అమ్మ వంటింట్లోంచి, గిన్నెల చప్పుడు మధ్య, దాన్ని పట్టుకుంది.

అమ్మ నమ్మకం ఒకటుండేది. పియానో అంటే దేవుడి పాటకే. ఆమె చూసిన పియానో ఒక్కటే, బంగళా హాల్లోది. క్రిస్మసుకు దొరసానిగారు దానిమీద కీర్తనలు వాయిస్తే అందరూ నిలబడి పాడేవారు. పియానో మీద పాట కానిది కూడా వాయిస్తారని అమ్మకే కాదు, పేటలో ఎవరికీ తెలియదు. మా ఇంట్లో రికార్డు మొదలవగానే వాకిట్లో ఉన్న ఆడవాళ్లు చటుక్కున కొంగు తలమీదికి లాక్కునేవారు. మరి మాటలేవి అంటే, అమ్మ దగ్గర దానికీ జవాబుంది. "మాటలు ఆళ్ల దేశంలో ఉండిపోయినియ్యి. మనకి రాగం ఒక్కటీ వచ్చింది. మాటలు మనం పెట్టుకోవాలి."

పెట్టింది కూడా. రేవులో పడవ దాటించే ఆయన చనిపోయినప్పుడు మొదటిసారి. ఆయన భార్య మూడు రోజులుగా ఏడవలేదు, మాట్లాడలేదు, అన్నం ముట్టలేదు. మాలో సమాధి అయిన కొద్ది రోజులకు ఆ ఇంట్లో ఆదరణ కూడిక పెడతారు. పాటలు పాడి, వాక్యం చదివి, ఇంటివాళ్లను ఓదార్చి వస్తారు. ఆ కూడికకు అమ్మ ప్లేయరును దుప్పట్లో చుట్టుకుని తీసుకెళ్లింది. ఆ ఇంటికి కరెంటు లేకపోతే పక్కింటి నుంచి వైరు లాగారు. ఏడుపు రికార్డు పెట్టి, రాగం మొదటి చుట్టు ఊరికే విననిచ్చి, రెండో చుట్టు నుంచి అమ్మ పాడటం మొదలుపెట్టింది.

ఎందరినో దాటించేవు, రేవులో నిలబడ్డావు,
నీ వంతు వచ్చేసరికి పడవే నిన్ను పిలిచింది.

ఇంకా చాలా ఉంది. ఆయన తెడ్డు గురించి, వరదకి భయపడకపోవడం గురించి, చుట్ట కాలుస్తూ పిల్లల్ని ఉత్తినే దాటించడం గురించి. నాకు గుర్తున్నవి మాత్రం ఈ రెండు ముక్కలే. చుట్ట దగ్గరకొచ్చేసరికి ఆయన భార్య గొల్లుమంది. తర్వాత అన్నం తింది.

ఆ తర్వాత మా ఇంటికి జనం రావడం మొదలైంది. అల్లవరం వైపు నుంచి కూడా వచ్చేవారు. "మా మావగారు పోయేరండి, ఏ రికార్డు బాగుంటాదంటారు?" అనేవారు. అమ్మ వాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, డాక్టరు జబ్బు అడిగినట్టు అడిగేది. "ఎలాంటి మనిషండీ? కోపిష్టా? ఏం పని చేసేవోరు? ఏది ఇష్టంగా తినేవోరు?" అన్నీ విని, కాసేపు కళ్లు మూసుకుని, "రొట్టెల్ది పెడదామండి" అనేది. కువైట్ వెళ్లే ఆడపిల్లల ఇంట్లో ప్రార్థనకు ఒకటి, పెళ్లి ఖాయం చేసుకునే ప్రధానానికి ఒకటి, పరీక్ష తప్పినవాడికి ఒకటి. పియానో రికార్డులు సిఫారసు చేసేవాళ్లను తర్వాత నేను చాలామందిని చూశాను. వినేవాడు ఎలాంటి మనిషని అడిగి సిఫారసు చేసినది అమ్మ ఒక్కతే.

మాటలు ఏ ఇంటికి ఆ ఇంటివే. ఒక చోట పాడినవి ఇంకోచోట పాడేది కాదు. "ఒకరి చొక్కా ఇంకొకరికి పడదు కదమ్మా" అనేది. అందుకే ఎవరూ నేర్చుకోలేదు, ఎక్కడా రాసి లేవు. ఇంట్లో చదువుకున్నది నేనే. నోటుబుక్కులు నా దగ్గరే ఉండేవి. నేనైనా రాసుకుని ఉండాల్సింది.

రాయలేదు సరికదా, నేను ఏం చేశానో వినండి.

రాజమండ్రిలో బీయే చదివేటప్పుడు మా ఇంగ్లీషు లెక్చరరు గారింట్లో రికార్డులుండేవి. ఆవిడ ఆదివారాలు మా నలుగురిని పిలిచి వినిపించేవారు. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎందుకు రాశారు, ఎవరు వాయిస్తే బాగుంటుంది, అన్నీ చెప్పేవారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. నాకు ఇక నిద్ర పట్టలేదు. సెలవులకు ఇంటికొచ్చి అమ్మ రికార్డుల అట్టలన్నీ కింద పరుచుకుని చదివి తెలుగులో చెప్పాను. అమ్మ బియ్యం ఏరుతూ వింది. రొట్టెల రికార్డు ఒక పెద్ద జమీందారుకు నిద్ర పట్టడం కోసం రాసింది. ఇస్త్రీ రికార్డు పిల్లలకు వేళ్లు తిరగడానికి రాసిన అభ్యాసం. ఏడుపు రికార్డు అయితే అసలు ఏడుపే కాదు, నాట్యం. ఆడా మగా జంటలు జంటలుగా గుండ్రంగా తిరగడానికి.

"నాట్యమా!" అని అమ్మ నవ్వింది. "మరి దొరసానిగారు ఎందుకేడ్చేరు?"

ఆ ప్రశ్న వదిలేసి గట్టిగా అన్నాను. "ఇవేవీ పాటలు కావమ్మా. మాటలు పోవడం కాదు, వీటికి మాటలే లేవు."

"ఆయ్" అంది అమ్మ. అమ్మ ఆయ్ అంటే సరే అని కాదు, విన్నాను అని. ఆ వారమే ఎవరింటికో వెళ్లి మళ్లీ పాడొచ్చింది. నాకు ఒళ్లు మండింది.

చెదల రికార్డుకు పేరున్న పాత అట్ట లేదు, మధ్యలో చీటీ కూడా చెరిగిపోయింది కాబట్టి అదేమిటో ఆ రోజు తెలియలేదు. తర్వాతి వేసవికి ముందు లెక్చరరు గారింట్లో దాన్ని విన్నాను, వింటూనే గుర్తుపట్టాను. మేం ప్రధానాలకు పెట్టేది అదే. పెళ్లికూతురు లోపలి గదిలోంచి పందిట్లోకి నడిచొచ్చేటప్పుడు అమ్మ దాన్ని పెట్టేది. అడుగు తీసి అడుగు వేసినట్టుండే ఆ వాయింపు పెళ్లికూతురి నడకకు అతికినట్టు సరిపోయేది. లెక్చరరు గారు చెప్పారు, అది శవయాత్ర సంగీతమని. ఇంటికెళ్లాక అమ్మకు చెప్పాలనుకున్నాను. మెల్లగా చెప్పాలనే అనుకున్నాను, నిజంగా.

నేను బస్సు దిగిన రోజే మా పెద్దనాన్నగారి అమ్మాయి ప్రధానం. పందిట్లోకి అడుగుపెట్టేసరికే రికార్డు మోగుతోంది. అక్క తలవంచుకుని నడిచొస్తోంది. అమ్మ ప్లేయరు పక్కన నిలబడి పాడుతోంది. "చిన్న అడుగులే వెయ్యమ్మా, చాలా దూరం నడవాలి" అని ఏదో. పందిట్లో ఆడవాళ్లంతా కొంగు తలమీద వేసుకుని ఉన్నారు. పెళ్లికొడుకు మేనమామ కాకినాడలో ఆఫీసరు. ఆయన నా పక్కనే కూర్చుని చాలా మర్యాదగా అడిగారు. "ఈ ట్యూను ఎక్కడో విన్నట్టుందండీ. ఏ కీర్తనండీ ఇది?"

నాకు తెలుసన్న సంగతి ఆయనకు తెలియాలి. అదే నా బాధ. "కీర్తన కాదండీ" అన్నాను. "శవాన్ని మోసుకెళ్లేటప్పుడు వాయించేదండీ ఇది."

మెల్లగా అన్నాననే అనుకున్నాను. సరిగ్గా అప్పుడే వాయింపు తగ్గింది. అమ్మ పాట మధ్య ఊపిరి తీసుకోవడానికి ఆగింది. పందిరంతా విన్నది.

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. ఆ సామెత నేను పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. పెద్దనాన్న లేచి వచ్చి, "అలాగాండీ" అని మాత్రం అని, ముల్లు ఎత్తి పక్కన పెట్టేశారు. అక్క సగం దారిలో నిలబడిపోయింది. ఎవరో హడావుడిగా పుస్తకంలోని పాట అందుకున్నారు. అమ్మ నా వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. తప్పు తనదన్నట్టు చూసింది.

ఇంటికి నడిచొచ్చేటప్పుడు కాలవ గట్టు మీద అమ్మ అంది. "నాకు తెలీదమ్మా. తెలిస్తే ఆ పిల్లకి పెడతానా? నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్పిందే నిజం." మా ఇంటి మలుపు దగ్గర నాన్న నాతో అన్నారు, "నిజమేనమ్మా నువ్వు చెప్పింది. చెప్పకపోతే పోయేదేముంది?"

పేటలో ఎవరూ అమ్మను ఒక్క మాట అనలేదు. కోనసీమ మర్యాద అలాంటిది. అనవలసింది మొహం మీద అనరు, పిలవడం మానేస్తారు. ఎదురైతే "బాగున్నారాండీ" అనేవారు. ఇంటికొచ్చి ఏ రికార్డు పెట్టమంటారు అని మాత్రం మళ్లీ అడగలేదు. అమ్మ కూడా ఇంట్లో రికార్డు పెట్టుకుని పాడటం మానేసింది. నేను పెడితే వినేది, అంతే. ఒకసారి "పాడవేంటమ్మా" అన్నాను. "మాటలు లేనియ్యి అన్నావు కదా" అంది. దెప్పలేదు, నేను చెప్పిన పాఠం అప్పజెప్పింది.

ఆమె గొంతు నేను మళ్లీ వినగలిగే అవకాశం ఒకటి వచ్చింది. దాన్ని కూడా నేనే కాలదన్నుకున్నాను. ఎనభైల మొదట్లో ప్లేయరు ముల్లు అరిగిపోయింది. అలాంటిది ఎక్కడా దొరకలేదు. ఉన్న ముల్లు పూర్తిగా పోకముందే రికార్డులన్నీ క్యాసెట్ల మీదికి ఎక్కించాలనుకున్నాను. పక్కింటి ఆవిడ కువైట్ నుంచి తెచ్చుకున్న టేప్‌రికార్డరు అడిగి తెచ్చాను. వైరుతో కలపడం మాకెవరికి తెలుసు? ప్లేయరు ముందు టేప్‌రికార్డరు పెట్టి నొక్కడమే. గదిలో చీమ చిటుక్కుమన్నా టేపులో పడుతుంది. తలుపులు మూశాను. కోళ్లను దూరంగా తోలించాను. పక్కింట్లో కొబ్బరికాయలు ఒలిచే ఆయన్ని బతిమాలి రెండు రోజులు ఆపించాను.

మొదటి క్యాసెట్టు, ఏడుపు రికార్డు. సగంలో ఉండగా, అమ్మ గడప దగ్గర కూర్చుని, తనకు తెలియకుండానే సన్నగా అందుకుంది. మాటలు కూడా ఉన్నాయి. ఎవరి గురించో నాకు తెలియదు. మా పేటలో అప్పుడెవరూ పోలేదు. నేను టేపు ఆపి అరిచాను. "అమ్మా! పాడైపోయింది మొత్తం! మళ్లీ మొదట్నించీ చెయ్యాలి!"

"పొరపాటైందమ్మా" అంది. లేచి బయటికి వెళ్లి, అరుగు చివర, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆ రెండు రోజులూ అలాగే కూర్చుంది. అప్పటికే ఆమెకు దగ్గు ఉంది. దగ్గు వస్తే కాలవ దాకా నడిచి వెళ్లి దగ్గి వచ్చేది. నేను ఆ క్యాసెట్టు వెనక్కి తిప్పి, ఆమె పాడిన దానిమీదే మళ్లీ ఎక్కించాను. ఏడు రికార్డులూ శుభ్రంగా వచ్చాయి. ఎంత శుభ్రంగా అంటే, ఆ ఇంట్లో మనుషులున్నారన్న గుర్తు ఒక్కటీ లేదు. నాకు ఎంత గర్వమో! లెక్చరరు గారికి వినిపిస్తే మెచ్చుకున్నారు కూడా.

అమ్మ దగ్గు తగ్గలేదు. అమలాపురం తీసుకెళ్లాం, కాకినాడ తీసుకెళ్లాం. ఒక వానాకాలం చివర్లో, మధ్యాహ్నం పూట, నాన్న చేతిలో మంచినీళ్ల గ్లాసు ఉండగానే వెళ్లిపోయింది. ఎవరో కబురు చేస్తే అక్క కూడా వచ్చింది, చంకలో పిల్లతో. నా చెయ్యి పట్టుకుని, "ఆ రోజు పిన్నిగారు పాడినియ్యి నాకు బాగున్నాయే" అంది. నేను చెయ్యి వదిలించుకున్నాను. ఓదార్పు తీసుకునే మొహం నాకు లేదు.

అమ్మ ఆదరణ కూడికకు పేటంతా వచ్చింది. చాప మీద చోటు చాలక వాకిట్లో కూడా కూర్చున్నారు. ప్రార్థన అయ్యాక పడవాయన భార్య, అప్పటికి బాగా ముసలావిడ, నన్ను పిలిచింది. "మీ అమ్మగారి పాట పెట్టమ్మా. మా ఆయనకి పెట్టేరు కదా, అది." అందరూ తలలూపారు. ఇన్నేళ్లు పిలవనివాళ్లు కూడా ఊపారు.

పక్కింటి టేప్‌రికార్డరు తెచ్చి క్యాసెట్టు పెట్టాను. పియానో మొదలైంది. ఆడవాళ్లందరూ ఒక్కసారే కొంగులు తలమీద వేసుకున్నారు. మొదటి చుట్టు అయింది. అమ్మ అందుకునే చోటు వచ్చింది. ముసలావిడ కొంచెం ముందుకు వంగింది. అందరూ అలాగే వంగారు, వినడానికి.

రెండో చుట్టు కూడా పియానో ఒక్కటే వాయించుకుపోయింది.

నేను పాడాలనుకున్నాను. ఒట్టు, నోరు తెరిచాను. అమ్మ ఎలాంటి మనిషి, కోపిష్టా, ఏం పని చేసేది, ఏది ఇష్టంగా తినేది? ఏదిష్టమో నాకు తెలియదు. ముప్పై ఏళ్లు ఆమె చేతి వంట తిన్నాను. ఆమెకు ఏ కూర ఇష్టమో ఎప్పుడూ అడగలేదు. ఒక్క మాట దొరకలేదు. టేపు టక్కుమని ఆగింది. అందరూ ఇంకా పాట వస్తుందేమోనని చూస్తున్నారు.

చివరికి ముసలావిడ చాలా మర్యాదగా, నాకు కష్టం కలగకుండా అడిగింది. "మీ అమ్మగారి గొంతు తీసేసేరాండీ ఇందులోంచి?"

"ఆయ్" అన్నాను. "నేనే తీసేసేనండీ."